ఆరితేనే హెచ్చరిక!
పెళ్లి పందిట్లో సీరియల్ బల్బులు చూస్తాంగా? ఒక్కటి మాడితే దండంతా ఆరిపోతుంది. మనకు చిరాకు! అమెరికాలో ఎం.ఐ.టి. రసాయన శాస్త్రవేత్త తిమోతీ స్వాగర్‌కి మాత్రం అదే కావాలి.

యుద్ధం ముగిసినా మందుపాతరలు పొలాల్లోనే ఉండి, నీళ్లకెళ్లే ఆడవాళ్ల కాళ్లు తీసేస్తాయి. వాటిలో కూరే టీఎన్‌టీ ఆవిరిని పట్టడానికి 1998లో ఆయన బృందం మెరిసే పాలిమర్ పొర చేసింది. గొలుసులాంటి పాలిమర్‌లో ఎక్కడో ఒకచోట టీఎన్‌టీ అణువు ఎలక్ట్రాన్‌ని లాక్కుంటే చాలు, గొలుసంతా మసకే. బాగా పలచటి పొరైతే అరనిమిషంలో సగం వెలుగు పోతుంది.

నన్నడిగితే అసలు తెలివి అల్లికలో ఉంది. గొలుసులు తడి అప్పడాల్లా అతుక్కుంటే వెలుగూ తగ్గుతుంది, ఆవిరికి దారీ ఉండదు. అందుకే పెంటిప్టిసీన్ అనే లావుపాటి అణుభాగాల్ని చేర్చి ఎడం పెట్టారు.

దాంతో వచ్చిన పరికరం పేరు ఫైడో. అక్కడివాళ్లు పెంపుడు కుక్కకి పెట్టుకునే పేరు!