ఇంజను మార్పు – చట్టము, బీమా

చౌటుప్పల్ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది ఊరు. ఆ రహదారికి పూర్వము 9వ సంఖ్య ఉండగా ఇప్పుడు 65వ సంఖ్య వచ్చినది. లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు రాత్రింబవళ్ళు తిరుగు ఇట్టి చోట, అరిగిన ఇంజనును దింపి మరొకటి ఎక్కించుట మిస్త్రీలకు వింత పని కాదు. పెట్రోలు జీపునకు డీజిలు ఇంజను అమర్చి ఖర్చు తగ్గినదని సంతోషించిన యజమానులు ఒకప్పుడు కొల్లలు. మిస్త్రీ చేతి పని నాలుగు దినములలో ముగియును. దాని ఫలితము యజమానిని ఏండ్ల తరబడి వెంటాడగలదు.

ఉర్దూ విభాగపు మిత్రులు అస్లీ, నఖ్లీ అని రెండు మాటలు వాడుదురు. బండి విషయమున అస్లీ ఏదో తేల్చునది ఆర్.సి. ఒక్కటే. తయారీదారు పేరు, షాసీ నంబరు, ఇంజను నంబరు, ఇంధనము, రంగు, సీట్ల సంఖ్య మున్నగునవి అందు ఉండును. రోడ్డు మీది బండి ఆ కాగితముతో సరిపోలవలెను.

మోటారు వాహనముల చట్టము 1988లో వచ్చి, 1989 జూలై 1 నుండి అమలైనది. అందు 52వ సెక్షను మార్పులకు సంబంధించినది. మొదట రిజిస్ట్రేషను అధికారికి నోటీసు ఇచ్చి, అనుమతి పొంది మార్పు చేసికొనవచ్చునని ఉండెను. 2000 సంవత్సరపు సవరణ దీనిని బిగించినది. తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుట నేటి నియమము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చుచు ఈ నియమమునే గట్టిగా నిలబెట్టినది. రంగు మార్పు వంటివి వేరు. అవి కాగితములో నమోదైన చాలును.

మినహాయింపులు లేకపోలేదు. ఆమోదము పొందిన కిట్టుతో బండిని సి.ఎన్.జి., ఎల్.పి.జి. లేక బ్యాటరీకి మార్చుకొనవచ్చును. వికలాంగులు తమ అవసరమునకు తగినట్లు బండిని సవరించుకొనవచ్చును. పదికి తక్కువ కాని రవాణా వాహనములు గల యజమానులకు, అదే తయారీ, అదే రకపు ఇంజనును ముందస్తు అనుమతి లేకుండ మార్చుకొను అధికారమును రాష్ట్ర ప్రభుత్వము ఈయవచ్చును. అట్లు మార్చినవారును 14 దినములలోగా రిజిస్ట్రేషను అధికారికి తెలిపి, ఆర్.సి.లో క్రొత్త ఇంజను నంబరు వ్రాయించుకొనవలెను. బండి ఫైనాన్సులో ఉన్నచో వారి వ్రాతపూర్వకమైన సమ్మతి ముందుగా కావలెను. వాయిదాలు కట్టుచున్నాము గదా అని ఈ సంగతి మరచువారే ఎక్కువ.

శిక్షలు చిన్నవి కావు. షాసీ నంబరు గాని ఇంజను నంబరు గాని ఆర్.సి.తో సరిపడనిచో, యజమాని వాదన విని, అధికారి రిజిస్ట్రేషనును రద్దు చేయవలెనని 55వ సెక్షను చెప్పుచున్నది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షను ప్రకారము, అనుమతి లేని భాగములు అమర్చి బండిని మార్చిన యజమానికి ఆరు మాసముల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును పడవచ్చును. మన కుర్రవాళ్ళు మోజుపడు మోత సైలెన్సరు శబ్ద నియమముల క్రిందికి వచ్చును. అందుకు మొదటిసారియే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు మాసముల వరకు జైలు ఉండవచ్చును.

జరిమానా కంటె బరువైనది బీమా సంగతి. బీమాలో రెండు భాగములున్నవి. మొదటిది మూడవ వ్యక్తికి, అనగా మన బండి క్రింద పడినవారికి కలుగు నష్టము. ఇది 146వ సెక్షను క్రింద విధిగా ఉండవలసినది. బాధితుని ఎదుట కంపెనీ చెప్పదగిన అభ్యంతరములను చట్టమే లెక్కపెట్టి చెప్పినది. ముఖ్యమైన విషయము దాచి పాలసీ తీసికొనుట వానిలో ఒకటి. కొన్ని కేసులలో కంపెనీ ముందు బాధితునికి చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనునట్లు కోర్టులు ఆదేశించుచున్నవి. రెండెకరముల రైతునకు అట్టి ఉత్తర్వు వచ్చినచో భూమి అమ్ముట తప్ప దారి ఉండకపోవచ్చును.

రెండవది సొంత బండికి కలుగు నష్టము. ఇది కంపెనీకిని యజమానికిని నడుమ ఒప్పందము. ప్రమాదము జరుగగానే సర్వేయరు వచ్చి షాసీ, ఇంజను నంబర్లను పాలసీతో సరిచూచును. తేడా కనబడినచో క్లెయిము నిలిచిపోవుటకు ఆ ఒక్క కారణము చాలవచ్చును. గ్యాసు కిట్టు అమర్చినవారు దానిని ఆర్.సి.లోనే కాక పాలసీలోను చేర్పించి, అందులకు వేరు ప్రీమియము చెల్లించవలెను. చౌకగా దొరికినదని రసీదు లేని కిట్టు పెట్టించి, బండి కాలిపోయిన పిదప కంపెనీని నిందించుట వ్యర్థము.

పాత బండి కొనువారికి ఇంకొక చిక్కు. ఇంజను మార్చినది పూర్వపు యజమాని అయినను, పట్టుబడునది నేటి యజమాని. పాత సామాను బజారులో దొరకు ఇంజను దొంగ బండిది కూడ కావచ్చును. కావున బేరము కుదురక ముందే, పలుచని కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది రెండు నంబర్ల ముద్ర తీసికొని, ఆర్.సి.తోను పాలసీతోను అంకె అంకె పోల్చి చూడవలెను. ఇంజను మార్చినట్లు తెలిసినచో దాని కొనుగోలు రసీదును, అధికారి నమోదును అడుగవలెను. అవి చూపనిచో బయానా ఈయరాదు.