తెల్ల గింజలు ఏరి పారేయకండి!

ఈ పని మీలో చాలామంది చేసే ఉంటారు. నేనూ చేశాను, అందుకే రాస్తున్నాను.

2024 దసరా సెలవులకి ఇంటికి వెళ్లాను. మా మామ్మ చాటలో డిపో బియ్యం పోసుకొని, మరీ తెల్లగా ఉన్న గింజలు ఏరి కోళ్లకి వేస్తోంది. "ప్లాస్టిక్ బియ్యం కలిపేర్రా" అంది. నేనూ పక్కన కూర్చొని ఏరాను. తర్వాత మా సైన్సు మాస్టారు చెప్పాక సిగ్గేసింది.

అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, మిషన్లో మళ్లీ బియ్యం గింజల్లాగే చేస్తారు. 100 కిలోల బియ్యంలో ఇవి సుమారు 1 కిలో ఉంటాయి. కడిగేటప్పుడు కొన్ని నీళ్లమీద తేలతాయి. అక్కడే జనానికి అనుమానం. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఈ పథకం ప్రకటించారు. 2024 మార్చి నాటికి అన్ని రాష్ట్రాల రేషన్‌లోకీ ఈ బియ్యం వచ్చింది. మా డిపోకి బస్తాలైతే వచ్చాయి గానీ, వాటి సంగతి చెప్పే మనిషి రాలేదు. మా మామ్మ తప్పేముంది?

ఇనుము దేనికంటారా? రక్తంలో హిమోగ్లోబిన్ తయారవడానికి. మనం పీల్చిన ప్రాణవాయువుని కాళ్లకీ చేతులకీ మోసుకెళ్లేది అదే. 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకి 100 మిల్లీలీటర్ల రక్తంలో అది 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత అంటారు. పి.టి.లో రెండు రౌండ్లకే రొప్పుతూ కూలబడిన వాళ్లని మనం "బద్ధకం" అని ఏడిపిస్తాం. వాళ్లకి రక్తం ఎంతుందో ఎవరైనా చూశామా? మన వయసు పిల్లలు రోజుకి 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తం లేనివాడు ఎలా ఆడతాడు?

ఇంట్లో చెప్పాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గంజి వార్చి పారబోస్తే ఆ బలం కొంత గంజితోనే పోతుంది. సరిపడా నీళ్లతో వండాలి, లేదా ఆ గంజి తాగేయాలి. అన్నం తినగానే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగా పడుతుంది. బియ్యం వచ్చాయని చోళ్లు మానేయకండి. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములుంటే, బియ్యంలో 10 కూడా ఉండదు. వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కిటికీలోంచి ఎవరు విసురుతున్నారో వాళ్లకే తెలుసు!

ఒక్క జాగ్రత్త. సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్లు ఇనుము విషయం ముందు డాక్టరుగారిని అడగాలి.

వార్డెన్ గారికి ఒక మనవి. సెలవులకి ముందు ఒక సాయంత్రం స్టోర్ రూములో మాకు ఈ గింజలు చూపించి, వండించండి. సెలవుల్లో డిపో తెరిచిన రోజు ఊరికి ఇద్దరం చొప్పున కాటా పక్కన నిలబడతాం. వరసలో ఉన్నవాళ్లకి మా భాషలోనే చెబుతాం. పెద్దవాళ్లకి మేం ఆటలు నేర్పక్కర్లేదు, బస్తా నెత్తినెట్టుకొని కొండెక్కేది వాళ్లే. చెప్పాల్సింది గింజల సంగతే. ముందు మా మామ్మకి చెబుతాను, ఆమె వింటే ఊరంతా వింటుంది.