ఐతిహ్యమును "అఁట" శబ్దమును: సామాజిక మాధ్యమములయందలి వార్తాప్రామాణ్య విచారము

వక్త యెవ్వఁడో నిర్దేశింపఁబడక పరంపరగా వచ్చు మాట ఐతిహ్యము. "ఇతిహ" మీఁద స్వార్థమున ఞ్యప్రత్యయము వచ్చి యీ పదము సిద్ధించునని పాణినీయము (5-4-23). పౌరాణికులు దీనిని బ్రత్యేకప్రమాణముగా నంగీకరించిరి. నైయాయికులు శబ్దప్రమాణమునందే యంతర్భవింపఁజేసిరి. అనఁగా ఆప్తుఁడు చెప్పినదైనచోఁ బ్రమాణము, కానిచోఁ గాదు. వస్తువును స్వయముగా నెఱిఁగి, యెఱిఁగినది యెఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడే యాప్తుఁడని వాత్స్యాయనుని యాశయము. ఈ పురాతనవిచారము చేతియందలి ఫోనువలన నేఁడు మరల నవసరమైనది.

తాను జూడని విషయమును జూడనిదిగా మాటలోనే సూచించుట భాషలకుఁ గల యొక యాచారము. సంస్కృతమున వక్తకుఁ బరోక్షమైన యనద్యతనభూతమునందు లిట్టు విధింపఁబడినది (3-2-115). "కిల" యను నవ్యయము వార్తార్థకమని యమరసింహుఁడు చెప్పెను. తెలుఁగున నీ పనిని "అఁట" చేయుచున్నది. "వాఁడు వచ్చెను" అన్నచో వాక్యభారము చెప్పువానిది. "వాఁడు వచ్చెనఁట" అన్నచో నది విన్న మాటయని వినువానికిఁ దెలియును; వెంటనే "ఎవరన్నారు?" అని యడుగుట కవకాశము కలుగును. అక్షరము లెఱుఁగని కర్షకుఁడును జూచినదానికి విన్నదానికి నీ భేదమును బాటించియే మాటాడును. అది వ్యాకరణము చదివి నేర్చినది కాదు, తల్లిపాలతో వచ్చినది.

వాట్సాప్ మొదలగు సామాజిక మాధ్యమములలో నీ "అఁట" జాఱిపోయినది. విన్న మాటను నోటితో మరలఁ జెప్పువాఁడు దానిని దన వాక్యముగా నిర్మింపవలెను. అపుడు "అఁట" దానంతట వచ్చును. వ్రేలితో నొత్తి పంపువాఁడు వాక్యమును నిర్మింపఁడు. మొదటివాఁడు "దొంగలు వచ్చినారు" అని వ్రాసినచో నూఱవవానికిని "దొంగలు వచ్చినారు" అనియే చేరును. పైఁగాఁ బంపినవాఁడు మేనమామయో, పొరుగింటివాఁడో యగుటచే నతనియందలి నమ్మకము తెలియని యా మొదటి వక్తకు సంక్రమించును. బంధుత్వమే ప్రామాణ్యమగును. "అఁట" యున్న కాలమునను వదంతులు పుట్టకపోలేదు. కాని యవి నోటినోట సందేహమును వెంటఁబెట్టుకొని నడచినవి.

దీని ఫలము 2018వ సంవత్సరమునఁ దెలంగాణమునఁ గానవచ్చినది. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని చిత్రములతోఁ గూడిన సందేశములు వ్యాపించినవి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టవద్ద భిక్షాటనకు వచ్చిన హిజ్రా యొకరు గుంపు దాడిలోఁ బ్రాణములు గోల్పోయిరి. జోగులాంబ గద్వాల ప్రాంతమున వేసవిరాత్రులు ఆరుబయటఁ బరుండు పల్లెవారు తలుపులు మూసికొని లోనఁ బరుండఁజొచ్చిరి. గ్రామములకుఁ బోయిన పోలీసు లీ మార్పును గమనించిరి. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి తమవారి నూరూరికిఁ బంపి, డప్పుతోను జానపదగేయములతోను నా సందేశము లసత్యములని చెప్పించిరి. గ్రామస్థుల వాట్సాప్ బృందములలోఁ బోలీసులను జేర్పించిరి. ఆమె యధికారము క్రింది నన్నూఱుకుఁ బైఁబడిన గ్రామములలో నీ వదంతులవలన నొక్క ప్రాణమును బోలేదు. పనిచేసినది డప్పుమ్రోఁత మాత్రమే కాదు. పాడినవాఁడును, జెప్పినవాఁడును నెదుట నిలిచిన మనుష్యులు. ప్రశ్నించినచో బదులు చెప్పఁదగినవారు. అనిర్దిష్టవక్తృకమైన మాటకు నిర్దిష్టవక్తృకమైన మాట ప్రతిగా నిలిచినది. ఆ ప్రతివచనమును దెచ్చుటకు వాట్సాపే యుపకరించుటచే దోషము యంత్రమునందుఁ గాక వినియోగమునం దున్నదనియుఁ దేలుచున్నది.

ఆ సంవత్సరము జూలైలోనే వాట్సాప్ సంస్థ, ఒకరినుండి వచ్చి మఱొకరికిఁ బంపఁబడిన సందేశములకు గుర్తు చేర్చినది. భారతదేశమున నొక్కసారికి ఐదు సంభాషణలకు మించి పంపుట కవకాశము లేకుండఁ జేసినది. 2019 జనవరిలో నీ నియమము లోకమంతటికి వ్యాపించినది. 2020 ఏప్రిల్‌లో, బహువారములు చేతులు మాఱిన సందేశమును ఒక్కసారికి నొక్క సంభాషణకే పంపునట్లు కట్టడి చేయఁబడినది. వ్యాకరణదృష్టితోఁ జూచినచో నా గుర్తు "అఁట" కంటె వేఱు కాదు. అయినను అది సగము "అఁట" మాత్రమే. మాట పరులదని చెప్పును గాని మొదటి వక్త నెఱిఁగింపదు. అక్షరములను వేఱుగా నెత్తి వ్రాసి పంపినచో నా గుర్తును నిలువదు.

హైదరాబాదునకుఁ దూర్పున, ఉప్పలునకు సమీపముననున్న రామంతాపూరు నీ చరిత్ర రెండు కొనలను జూపుచున్నది. 1977లో నారంభమైన హైదరాబాదు దూరదర్శన కేంద్ర మచటనే యున్నది. దాని వార్తలయందును దోషము లుండవచ్చును. కాని చదువువారి ముఖము కనఁబడును, బదులు చెప్పవలసిన సంస్థ యున్నది. ఆ పేటలోనే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల యావరణమున 2022 మే నెలలో జాతీయ సైబర్ ఫోరెన్సిక్ ప్రయోగశాల ప్రారంభింపఁబడినది. ఫోనులయందును గణకయంత్రములయందును నిలిచిన సాక్ష్యమును బరీక్షించుట దాని పని. ఒక తరమున వక్త ముఖమును జూపిన పేటలో, మఱుతరమున యంత్రములయందు సాక్ష్యమును వెదకు శాల వెలసినది.

శాలలోని పరీక్ష కీడు జరిగిన పిదపది. కీడునకు ముందు జరుగవలసిన పరీక్ష బడిలో నున్నది. "అఁట" యొక యవ్యయమని చెప్పి విడుచుట చాలదు. ఫోనున వచ్చిన సందేశ మొకటి తీసికొని, దాని ప్రతివాక్యమునకుఁ జూచినవాఁ డెవఁడు, చెప్పినవాఁ డెవఁడు అని బాలురచేత వ్రాయింపవలెను. బదులు దొరకనిచోట "అఁట" చేర్పింపవలెను. సందేశమంతయు "అఁట" లతో నిండిపోయినచో, దానిని మఱొకరికిఁ బంపఁదగునో కాదో బాలురే నిర్ణయింపఁగలరు.