హార్డుడిస్కు విభజనము – దాని ప్రయోజనము

కంప్యూటరు మందగించినపుడెల్ల హార్డుడిస్కును రెండు మూడు భాగములుగా విభజించినచో వేగము హెచ్చునని మన విద్యార్థులలో పలువురు చెప్పుకొనుచున్నారు. ఇందు కొంత సత్యము కలదు. కాని దానికొక మేర గలదు. ఆ మేర నెఱుగక పనికి పూనుకొన్నవారు వేగము పొందకపోవుటయే గాక ఇంటిలోని ఫొటోలను, లెక్కలను సైతము పోగొట్టుకొందురు. కావున తల్లిదండ్రులును దీనిని చదువగోరుచున్నాను.

విభజనమనగా నేమి? మన జిల్లా తీరమున ఇస్కపల్లి ఉప్పుమళ్ళను చూచినవారికిది సులభముగా బోధపడును. ఉప్పు పండించువారు సముద్రజలమును మొదట పెద్ద మళ్ళలో నిలిపి, ఎండకు చిక్కబడిన పిమ్మట చిన్న మళ్ళకు మరల్చి ఉప్పు తీయుదురు. నేల యొక్కటే, గట్లు వేయుటచేత ఒక్కొక్క మడికొక్కొక్క పని యేర్పడినది. హార్డుడిస్కును అట్టిదే. దాని గట్లెచ్చటెచ్చట నున్నవో ఒక పట్టికయందు వ్రాయబడియుండును. 1983వ సంవత్సరమున ఐ.బి.యం. వారి డాస్ 2.0తో వాడుకకు వచ్చిన పాత పట్టిక డిస్కు మొదటి 512 బైట్లలోనే యిమిడి, నాలుగు ముఖ్యభాగములకే చోటొసగును. నేటి జి.పి.టి. పట్టికలో సాధారణముగా 128 భాగములకు చోటు కలదు. అన్ని యెవరికి కావలెను? రెండు చాలును.

ఇక వేగము మాట. తిరుగుడు డిస్కు నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు తిరుగును. బండిచక్రమునకు ఇరుసు దగ్గఱకంటె అంచు దగ్గఱ వేగ మెక్కువ గదా! అట్లే డిస్కు వెలుపలి వలయములలో ఒక చుట్టునకు హెచ్చు సమాచారము పట్టును. లోపలి వలయములకంటె అచ్చట చదువువేగము ఇంచుమించు రెట్టింపు. మొదటి భాగము సాధారణముగా వెలుపలి యంచుననే యుండును. విండోసును ఆ భాగమునకు పరిమితము చేసినచో చదువుముల్లు దూరము పోనక్కఱలేక పని కొంత త్వరపడును. అయితే ఒకే డిస్కులోని రెండు భాగములను ఏకకాలమున వాడినచో ఆ ముల్లు ఇటునటు పరుగిడి పని మఱింత మందగించును. ఎస్.ఎస్.డి.లో తిరుగునదియు లేదు, ముల్లును లేదు. దానిని విభజించుటవలన వేగము హెచ్చదు. వేగమే కావలసినవారు పాత యంత్రమునకు ఒక ఎస్.ఎస్.డి. తగిలించుకొనుట మేలని నా యభిప్రాయము.

విభజనమువలని నిజమైన మేలు వేఱు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము ముగిసినందున, పాత యంత్రములలో క్రొత్త సిస్టము ఎక్కించుకొనవలసిన అక్కఱ పలువురకు కలిగినది. అట్టి తఱి సీ భాగమును తుడిచినను, డీ భాగమున దాచిన పిల్లల ఫొటోలు, పొలము కాగితముల నకళ్ళు నిలుచును, ఎక్కించువాడు డిస్కు మొత్తమును తుడువకున్నచో! ఈ సంగతి అతనికి ముందే చెప్పవలెను. అయినను డీలో నున్నవని నకలు తీయుట మానరాదు. తుపానువేళ సముద్రము పొంగిన ఉప్పుమళ్ళ గట్లన్నియు నొక్కసారియే మునుగును. డిస్కే చెడినచో సీ, డీ రెండును పోవును.

విభజింపదలచినవారు మొదట ముఖ్యమైనవానినెల్ల వేఱొక డిస్కునకు నకలు తీయవలెను. పిమ్మట విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు తెఱచి, ష్రింక్ వాల్యూమ్ అనుదానిచే సీ భాగమును తగ్గించి, విడివడిన ఖాళీ చోట న్యూ సింపుల్ వాల్యూమ్ కల్పింపవలెను. ఫార్మాటు చేయవలసినది ఈ క్రొత్త భాగమును మాత్రమే. 500 జి.బి. డిస్కులో సీకి 150 విడుచుట నా పద్ధతి; మఱీ యిఱుకు చేసిన అప్‌డేట్లకు చోటు చాలదు. పని నడుమ కరెంటు పోయిన ప్రమాదము గనుక మన తీరమున గాలివాన దినములలో దీనిని పెట్టుకొనరాదు. లాప్‌టాపు గలవారు సైతము చార్జరు తగిలించియే ఆరంభింపవలెను.