మధుమేహంలో నియమిత వైద్య పరీక్షలు

మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నవారు వ్యాధి అదుపులో ఉన్నదో లేదో, ఇతర అవయవాలపై దాని ప్రభావం పడుతున్నదో లేదో తెలుసుకొనుటకు నిర్ణీత వ్యవధిలో చేయించుకొనే పరీక్షలను నియమిత వైద్య పరీక్షలు అంటారు. రక్తంలో అధికంగా ఉండే గ్లూకోజు కళ్ళను, మూత్రపిండాలను, నాడులను, గుండెను క్రమంగా దెబ్బతీస్తుంది. తొలిదశలో ఈ నష్టం సాధారణంగా ఏ బాధా కలిగించదు. అందువలన బాధ లేనప్పుడే ఈ పరీక్షలు అవసరం.

రక్త పరీక్షలు

పరగడుపున, భోజనానంతరం చేసే పరీక్షలు ఆ సమయానికి ఉన్న గ్లూకోజును మాత్రమే తెలుపుతాయి. ముందు రెండు రోజులు పథ్యం చేసినా ఫలితం మెరుగ్గా కనిపించవచ్చు. హెచ్‌బిఎ1సి పరీక్ష అలా కాదు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు జీవిస్తాయి. వాటిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకొన్న గ్లూకోజును కొలుస్తారు కనుక, గడచిన రెండు మూడు నెలల సగటు స్థితి తెలుస్తుంది. గర్భవతులు కాని పెద్దలలో చాలామందికి 7 శాతం లోపు ఉండుట లక్ష్యం. వృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి వైద్యులు దీనిని సడలిస్తారు. వ్యాధి అదుపులో ఉన్నవారు సంవత్సరానికి కనీసం రెండుసార్లు, లేనివారు మూడు నెలలకొకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. రక్తహీనత, తలసీమియా ఉన్నవారిలో ఫలితం వాస్తవానికి భిన్నంగా రావచ్చు.

కళ్ళు

చుక్కల మందుతో కనుపాపను పెద్దదిగా చేసి రెటీనాను పరిశీలిస్తారు. కళ్ళజోడు కొరకు చేసే చూపు పరీక్ష దీనికి బదులు కాదు. రెండవ రకం మధుమేహంలో వ్యాధి బయటపడిన వెంటనే, మొదటి రకంలో ఐదేళ్ళలోపు తొలి పరీక్ష జరగాలి. తరువాత సాధారణంగా ఏటా చేయించుకోవాలి.

మూత్రపిండాలు

ఏటా మూత్రంలో అల్బుమిన్‌ను, రక్తంలో క్రియాటినిన్‌ను కొలుస్తారు. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి అల్బుమిన్ ఉంటే అది అసాధారణం. జ్వరం, అధిక శ్రమ వలన కూడా ఇది పెరుగుతుంది కనుక పరీక్షను మరల చేసి నిర్ధారిస్తారు.

పాదాలు

స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. ఆ పుండు ముదిరితే కాలు తీసివేయవలసి రావచ్చు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి తాకించి స్పర్శను, పాదంలోని నాడిని చూసి రక్తప్రసరణను తెలుసుకొంటారు. రోగి కూడా ప్రతిరోజూ పాదాలను చూసుకోవాలి.

ఇతర పరీక్షలు

వైద్యుని వద్దకు వెళ్ళిన ప్రతిసారీ రక్తపోటు, వైద్యుడు సూచించిన వ్యవధిలో కొలెస్టరాల్, దంతాలు పరీక్షించుకోవాలి. పాత నివేదికలు భద్రపరచుకొంటే మార్పును పోల్చి చూడవచ్చును.

ప్రయోజనం

రెండవ రకం మధుమేహంపై బ్రిటన్‌లో 1977లో మొదలైన యు.కె.పి.డి.ఎస్. అధ్యయన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. గ్లూకోజును, రక్తపోటును అదుపులో ఉంచితే కంటి, మూత్రపిండాల సమస్యలు తగ్గుతాయని అది చూపినది. అయితే పరీక్ష దానంతటదే వ్యాధిని తగ్గించదు. ఫలితాన్ని బట్టి చికిత్సను, ఆహారాన్ని, వ్యాయామాన్ని సరిచేసుకొన్నప్పుడే దాని వలన మేలు కలుగుతుంది.