లాభసాటి పాడికి మేత లెక్క: దాణా బస్తా నుండి పశుగ్రాస క్షేత్రం వైపు

గ్రామాలలో పాడి రైతును "మీ గేదె పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుంది?" అని అడిగితే సమాధానం వెంటనే వస్తుంది. "లీటరు పాలకు మేత ఖర్చు ఎంత?" అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. ఇది రైతుల లోపం మాత్రమే కాదు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో మన విద్యార్థులు పూర్తిచేసి తెచ్చే సర్వే పత్రాలలోనూ పాల దిగుబడికి గడి ఉంటుంది గాని, లీటరుకు మేత ఖర్చుకు గడి ఉండటం అరుదు. పాల ఉత్పత్తి వ్యయంలో మేత, దాణాల వాటా సుమారు 60 నుండి 70 శాతం. ఇంత పెద్ద ఖర్చును లెక్కించకుండా పాడిని లాభసాటి అనిగాని, నష్టదాయకం అనిగాని చెప్పడానికి వీలులేదు. మంచి పాలిచ్చే గేదెలు ఉండి కూడా మూతపడిన కొట్టాలను ఈ వ్యాస రచయిత చూడటం జరిగింది. వాటిలో ఎక్కువ చోట్ల కనిపించిన లోపం ఒక్కటే. పశువులను ముందు కొన్నారు, పశుగ్రాసం సంగతి తరువాత ఆలోచించారు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. 450 కిలోల బరువు కలిగి, రోజుకు 8 లీటర్ల పాలిచ్చే గ్రేడెడ్ ముర్రా గేదెకు రోజుకు సుమారు 12 కిలోల శుష్క పదార్థం, అందులో 7 కిలోలకు కొంచెం అటూ ఇటూగా జీర్ణమయ్యే పోషకాలు, 1.3 కిలోల మాంసకృత్తులు అవసరమవుతాయి. పచ్చిమేత లేని రైతు వీటిని వరిగడ్డి, దాణాలతోనే సమకూర్చవలసి వస్తుంది. శరీర పోషణకు 1.5 కిలోలు, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున దాణా మొత్తం 5.5 కిలోలు అవుతుంది. దీనికి 8 కిలోల వరిగడ్డి తోడు కావాలి. లెక్క కోసం దాణా కిలో 28 రూపాయలు, వరిగడ్డి కిలో 6 రూపాయలు అనుకుంటే రోజుకు 202 రూపాయలు, అనగా లీటరుకు 25 రూపాయల 25 పైసలు మేతకే ఖర్చవుతుంది.

అదే గేదెకు 20 కిలోల హైబ్రిడ్ నేపియర్, 8 కిలోల దశరథ గడ్డి, 4 కిలోల వరిగడ్డి, 3 కిలోల దాణా ఇచ్చినట్లయితే శుష్క పదార్థం, జీర్ణమయ్యే పోషకాలు మొదటి మేతతో దాదాపు సమానంగా లభిస్తాయి. మాంసకృత్తులు కొంచెం ఎక్కువగానే అందుతాయి. కౌలు, నీరు, ఎరువు, కోత కూలి కలుపుకొని నేపియర్ కిలోకు రూపాయిన్నర, దశరథ గడ్డికి రెండున్నర రూపాయలు పడుతుందనుకుంటే రోజు ఖర్చు 158 రూపాయలు, లీటరుకు 19 రూపాయల 75 పైసలు. తేడా లీటరుకు ఐదున్నర రూపాయలు. పాలిచ్చే గేదెలు 10 ఉన్నచోట రోజుకు 440 రూపాయలు, 280 రోజుల పాడి కాలంలో 1,23,200 రూపాయలు మిగులుతాయి. ధరలు ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూనే ఉంటాయి. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు రైతుకు ఈ అంకెలను కాక ఈ లెక్క చేసే పద్ధతిని నేర్పడం అవసరం.

పై లెక్కలో దాణాను పూర్తిగా తొలగించలేదన్నది గమనించదగినది. పచ్చిమేత ఉంటే దాణా అక్కరలేదని కొందరు ప్రచారం చేస్తున్నారు. అధిక పాల దిగుబడి దశలో ఇది నష్టమే కలిగిస్తుంది. మరోవైపు, పాలు పెరుగుతాయని దాణాను విపరీతంగా పెంచి పీచు మేతను తగ్గిస్తే పొట్టలో ఆమ్లత్వం పెరిగి వెన్న శాతం పడిపోతుంది. మన దగ్గర పాలకు ధర వెన్నను బట్టి కట్టేటప్పుడు రైతు రెండు విధాలా నష్టపోతాడు.

ఇక సాగు విషయం. 10 గేదెలకు ఏడాది పొడవునా పైన చెప్పిన పరిమాణంలో మేత అందించడానికి సుమారు 73 టన్నుల నేపియర్, 29 టన్నుల దశరథ గడ్డి కావాలి. నీటి వసతి గల భూమిలో శ్రద్ధగా సాగు చేస్తే ఒక ఎకరం నేపియర్, మరో ఎకరం దశరథ గడ్డి దాదాపు ఈ అవసరాన్ని తీర్చగలవు. ఏపీబీఎన్-1, కో-4, కో-5 వంటి నేపియర్ రకాలను 60 × 50 సెంటీమీటర్ల దూరంలో నాటితే ఎకరాకు సుమారు 13,000 పిలకలు లేదా కాండపు ముక్కలు అవసరమవుతాయి. మొదటి కోత 70-75 రోజులకు, ఆ తరువాత ప్రతి 45 రోజులకు వస్తుంది. ఇక్కడ రైతులు చేసే పొరపాటు ఒకటుంది. గడ్డి ఇంకా ఎత్తు పెరిగితే బరువు ఎక్కువ వస్తుందని కోతను వాయిదా వేస్తారు. బరువు పెరిగే మాట నిజమే. కాని ముదిరిన కొద్దీ మాంసకృత్తుల శాతం తగ్గి, కాండం గట్టిపడి, తొట్టిలో మిగిలిపోయే భాగం ఎక్కువవుతుంది. ప్రతి కోత తరువాత నత్రజని ఎరువు వేసి నీరు పెట్టనిచోట రకం ఎంత మంచిదైనా దిగుబడి రెండో ఏటికే పడిపోతుంది. కొట్టం కడిగిన నీటిని, పేడను ఈ మడికి మళ్లించడం వలన ఎరువుల ఖర్చు కొంత కలిసివస్తుంది.

దశరథ గడ్డి విత్తనం పైపొర గట్టిగా ఉండటం వలన నేరుగా విత్తితే మొలక సరిగా రాదు. 80 డిగ్రీల వేడినీటిలో 5 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, వరుసల మధ్య 50 సెంటీమీటర్ల దూరంలో విత్తాలి. ఎకరాకు 8 కిలోల విత్తనం సరిపోతుంది. మాంసకృత్తులు శుష్క పదార్థంలో సుమారు 20 శాతం ఉంటాయి కనుక, దాణా ఖర్చును నిజంగా తగ్గించేది ఈ పప్పుజాతి మేతే. నేపియర్ ఒక్కటే వేసి ఊరుకున్న రైతుకు పచ్చదనం కనిపిస్తుంది గాని దాణా బస్తాలు తగ్గవు.

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు ముందు నిలువు పైరులో పిల్లిపెసర, జనుము చల్లి పశువులకు మేపే అలవాటు పూర్వం నుండి ఉన్నదే. వరి కోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డి పొలంలోనే చెల్లాచెదురై, కట్టలు కట్టించే ఖర్చు అదనంగా వచ్చి చేరింది. అందువలన ఎండుగడ్డిని ఇక ఉచిత మేతగా లెక్కించడం సరికాదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీరు కలిపి, గాలి చొరబడకుండా 3 వారాలు మాగబెట్టే పద్ధతి శాస్త్రీయంగా మంచిదే. దశాబ్దాలుగా ప్రదర్శనలు ఇస్తున్నా ఇది రైతుల కొట్టాలలో నిలదొక్కుకోలేదు. కోతల సమయంలో కూలీలు దొరకని రైతుకు ఈ పని అదనపు భారమవుతుందని మనం ఆలస్యంగా గ్రహించాము.

దానికంటే పాతర గడ్డికి ఆదరణ లభించే అవకాశం ఎక్కువ. వేసవిలో నీరు తగ్గి నేపియర్ పెరుగుదల మందగించే 90 రోజులకు, గేదెకు రోజుకు 15 కిలోల చొప్పున 10 గేదెలకు 13.5 టన్నుల పాతర గడ్డి కావాలి. ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్నను గింజ పాలు పోసుకొని గట్టిపడే దశలో, శుష్క పదార్థం 30-35 శాతం ఉన్నప్పుడు కోసి, ముక్కలు చేసి, బాగా తొక్కి నింపాలి. వృథా పోను 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల గుంత సరిపోతుంది. తొక్కడంలో అశ్రద్ధ చేస్తే గాలి మిగిలి బూజు పడుతుంది. అటువంటి మేతను ఎట్టి పరిస్థితులలోనూ పశువులకు వేయకూడదు. 45 రోజుల తరువాత పాతర తెరవవచ్చు.

ఈ లెక్కలన్నీ పాలిచ్చే గేదెకు సంబంధించినవి. వట్టిపోయిన గేదె కూడా మేత తింటుంది. ఒక ఈనికలో 1,680 లీటర్లు ఇచ్చే గేదె 14 నెలలకు మళ్లీ ఈనితే రోజుకు సగటున 4 లీటర్లు ఇచ్చినట్లు. అదే గేదె 18 నెలలకు ఈనితే సగటు 3.1 లీటర్లకు పడిపోతుంది. మేతలో ఎంత పొదుపు చేసినా ఈ జాప్యం దానిని మింగివేస్తుంది. గేదెలలో మూగ ఎద సాధారణం కనుక ఉదయం, సాయంత్రం గమనించడం, రోజుకు 50 గ్రాముల లవణ మిశ్రమం ఇవ్వడం ఖర్చుతో పోల్చితే ఎంతో చవకైన పనులు. దీనిపై పశువైద్య విభాగపు సహచరులు చెప్పగలిగినంత వివరంగా సేద్య విభాగం వారు చెప్పలేరు.

నీటి వసతి లేని రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల రైతులకు పై రెండెకరాల నమూనా వర్తించదు. అక్కడ వేరుశనగ కట్టె, జొన్న చొప్ప, గట్ల మీద స్టైలో, అవిశ చెట్లు ఆధారం కావాలి. చొప్పను ముక్కలుగా నరికి వేస్తేనే తొట్టిలో వృథా తగ్గుతుంది. పచ్చి జొన్నను పూత దశకు ముందు, ముఖ్యంగా బెట్టకు గురైనప్పుడు మేపితే సైనైడ్ విషప్రభావం వలన పశువు మరణించవచ్చు. అటువంటి చోట్ల 10 గేదెల యూనిట్‌కు సిఫారసు చేయడానికి ముందు, ఆ రైతుకు ఏప్రిల్, మే నెలలలో ఎన్ని పశువులకు సరిపడా మేత ఉంటుందో లెక్క కట్టి, ఆ సంఖ్యకే పథకాన్ని పరిమితం చేయాలి. ఆ సంఖ్య 3 అయితే 3 గేదెలకే సిఫారసు చేయాలి.