ఆరో వారపు స్కానింగులో గుండె కదలిక కనిపించకపోతే

నెల్లికుదురు నుండి నెల తప్పిన కోడలిని మహబూబాబాదుకో, తొర్రూరుకో తీసుకువెళ్ళి స్కానింగు చేయిస్తారు. "సంచి ఉంది, గుండె కదలిక లేదు" అని రిపోర్టు వస్తుంది. ఇల్లు చేరేలోపే కడుపు కడిగించాలన్న మాట మొదలవుతుంది. ఈ తొందరపాటును గురించే ఈ నెల పాఠకులతో మాట్లాడదలచాము.

మొదట చూడవలసింది తేదీల లెక్క. గర్భ వయస్సును చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తారు. నలభై రోజులకొకసారి బహిష్టు అయ్యే స్త్రీ విషయంలోను, బిడ్డకు పాలిస్తూ బహిష్టు తిరిగి రాకమునుపే గర్భం దాల్చిన తల్లి విషయంలోను ఈ లెక్క తప్పుతుంది. ఏడు వారాలనుకున్న గర్భం నిజానికి ఐదున్నర వారాలదే కావచ్చు. లోపలి స్కానింగులో సుమారు ఐదవ వారానికి పిండసంచి, ఆ తరువాత యోక్ శాక్, ఆరవ వారానికి పిండము, గుండె కదలిక కనిపిస్తాయి. పొట్ట మీది నుండి చేస్తే ఇవి మరికొన్ని రోజులు ఆలస్యంగా కనిపిస్తాయి. లోపలి స్కానింగు అంటే మన ఇండ్లలో సంకోచం సహజమే. మహిళా వైద్యురాలిని కోరవచ్చు. దాని వలన గర్భానికి హాని లేదు.

2013లో అమెరికాలో వెలువడిన నిపుణుల ప్రమాణాల ప్రకారం, లోపలి స్కానింగులో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు దాటినా గుండె కదలిక లేకపోతేనే, లేదా సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు దాటినా అందులో పిండం లేకపోతేనే ఒక్క స్కానింగుతో గర్భం నిలువలేదని నిర్ధారించవచ్చు. అంతకు తక్కువైతే వారం నుండి రెండు వారాలు ఆగి మళ్ళీ చూడాలి. కనుక రిపోర్టులో ఆ కొలతలేమిటో అడగండి. ఈలోగా దుకాణంలో కొన్న మాత్రలు మింగించకండి.

నిజంగానే గర్భం నిలువకపోతే? తొలి మాసాలలో జరిగే గర్భస్రావాలలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల లోపం వల్లనే జరుగుతాయి. ఆ లోపం చాలావరకు యాదృచ్ఛికం. అదుపులో లేని మధుమేహం, థైరాయిడ్ లోపం, తల్లి వయస్సు కూడా కారణాలు కావచ్చు. బిందె ఎత్తినందుకో, బస్సు కుదుపులకో గర్భం పోయిందని కోడలిని నిందించే అత్తగారు మాత్రం వైద్యశాస్త్రంలో తనకు ఆధారం వెదుక్కోవలసి ఉంటుంది! వరుసగా గర్భస్రావాలు జరిగితే భర్తకూ, భార్యకూ ఇద్దరికీ పరీక్షలు అవసరం కావచ్చు.

ఆగకూడని సందర్భం ఒకటుంది. గర్భాశయంలో సంచే కనిపించక, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే అది గర్భనాళంలో నిలిచిన గర్భం కావచ్చు. నాళం పగిలితే లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. రాత్రి అయినా సరే, వెంటనే 108కు ఫోను చేయాలి. తల్లి రక్తం నెగటివ్ గ్రూపుదైతే ఆ సంగతి ఆస్పత్రిలో ముందే చెప్పాలి.